పదిహేను కిలోల మెత్తటి సంచి

ఉత్తరంలో మొదటి మాటకే నాకు ఒళ్లు మండింది. ట్రంకు పెట్టెలు, సూటుకేసులు పడవలోకి రానివ్వరట. మెత్తటి సంచి మాత్రమే తేవాలట. సామాను మొత్తం కలిపి పదిహేను కిలోలు దాటితే మనిషిని రేవులోనే వదిలేసి పోతారట. ఇంగ్లీషులో టైపు కొట్టిన ఆ కాగితాన్ని, హైస్కూల్లో లెక్కలు చెప్పే లింగస్వామి సారు నా కుట్టుమిషను ముందు నిలబడి తెలుగు చేసి చదువుతున్నాడు. నేను పంటితో దారం తెంపి అడిగాను.

"పెండ్లికొడుకు దిక్కోళ్లు గూడ ఇన్ని షరతులు పెట్టరు గద సారూ?"

"పడవ చిన్నదమ్మా జాహేదా. పది మంది పది దినాలు దాని మీదనే తినాలె, దాని మీదనే పండాలె. అందరు పెట్టెలు తెస్తె జాగ యాడుంటది?"

అది 1994 జనవరి నెలాఖరు. పోతున్నవాడు మా తమ్ముడు మక్సూద్. పోయేది తమిళనాడులోని తూత్తుకుడికి. అక్కడ పడవెక్కి, పది రోజులు నేల మీద కాలు పెట్టకుండా సముద్రం మీదే ఉండి, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలోకి దిగాలి. అడుగున పగడపు దిబ్బలు ఎంత దూరం పరుచుకుని ఉన్నాయో కొలిచేవాళ్లకు సాయం చేయాలి. మా కట్టంగూరులో సముద్రాన్ని చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దాని అడుగును చూడబోతున్నవాడు మాత్రం వీడొక్కడే.

వీడికి ఈ యోగం బావుల వల్ల పట్టింది. చుట్టుపక్కల ఏ బావిలో మోటరు జారిపడినా, బిందె మునిగినా మక్సూద్‌కే కబురొస్తుంది. వాడి పద్ధతి ఒకటే. పది కిలోల బండరాయిని పొట్టకు హత్తుకుని దూకుతాడు. రాయి వాడిని అడుగుకు తీసుకుపోతుంది. అక్కడ రాయిని వదిలేసి, చీకట్లో తడిమి తడిమి వస్తువును పట్టుకుని, తాడు కట్టి పైకి తేలుతాడు. నిరుడు ఎండాకాలం ఈ పగడాలవాళ్లు నాగార్జునసాగర్ నీళ్లలో సాధన చేస్తూ పెద్ద కెమెరా ఒకటి జారవిడుచుకున్నారు. రాయితో దూకి దాన్ని తెచ్చిచ్చింది మావాడే. వాళ్ల పెద్దసారు ముచ్చటపడి, మూడు వారాలు తన దగ్గరే ఉంచుకుని సిలిండరుతో దిగడం నేర్పాడు. ఇప్పుడు ఉత్తరం రాసి పిలిచాడు.

ఎందుకురా నీకీ సముద్రం అని నేను అడిగితే వాడు చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఆపా, బాయిల కండ్లు తెరిచినా ఒక్కటే, మూసినా ఒక్కటే. సాగర్ల గూడ అంత బురదనే. పదేండ్లసంది నీళ్లల్ల గుడ్డోని లెక్క దేవులాడుకుంట బతికిన. గాడ అరవై అడుగుల దూరం కనబడ్తదంట. ఒక్కసారన్న నీళ్లల్ల కండ్లు తెరిచి చూడాలె."

అంత మాట విన్నాక నేను కాదనలేకపోయాను. కాదనగలిగిన మనిషి ఇంట్లో ఒక్కతే ఉంది. మా అమ్మీ, ఖాదర్‌బీ.

ఊళ్ల అంగళ్లలో ముప్పై ఏళ్లుగా చింతపండు, ఎండుమిరపకాయలు అమ్ముతున్న మనిషి. గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది, మొండితనం ఆ రెండింటికంటే పెద్దది. మా ఇళ్లలో ఎవరు దూరప్రయాణం పోయినా కుడి దండచేతికి ఇమాం జామిన్ కడతారు. గుడ్డపేలికలో రూపాయి బిళ్ల చుట్టి కట్టే రక్ష అది. కట్టాక ఆ మనిషి క్షేమం ఇమాం పూచీ. చేరవలసిన చోటు చేరాక ఆ బిళ్లను లేనివాళ్లకు ఇచ్చేయాలి. మా ఇంట్లో దాన్ని అమ్మీయే కట్టాలి. ఆమె కట్టనిదే హైదరాబాదుకు కూడా మాలో ఎవరం గడప దాటింది లేదు.

ఆశ్చర్యం ఏమిటంటే, అమ్మీ సముద్రానికి ఒప్పుకుంది. ఒక్క షరతు మీద.

"పో బేటా. గని సంచి నేను సదురుత. నేను పెట్టినయి ఒక్కటి తీసినా దండకు కట్ట. కట్టకుంటె పోవుడు లేదు. గంతే."

సంచి కుట్టడం నా వంతు. లారీల మీద కప్పే తాటిపత్రి గుడ్డ తెప్పించి, రెండు పొరలు వేసి, మనిషి పట్టేంత సంచి కుట్టాను. బ్లౌజులు, బడిపిల్లల నిక్కర్లు, ట్రాక్టరు సీట్ల కవర్లు పద్దెనిమిదేళ్లుగా కుడుతున్న చెయ్యి ఇది. నా కుట్టు ఊడిందన్నవాడు మండలంలో లేడు. ఉత్తరంలో రాసినట్టే ఒంటికి అతుక్కునే పొడుగుచేతుల బనీను, అలాంటిదే ప్యాంటు కూడా కుట్టాను. వాడు వేసుకుని వస్తే ఒలిచిన ఉల్లిగడ్డలా ఉన్నాడు. నవ్వాపుకోలేక నేను మిషను మీద తల పెట్టుకున్నాను. చలికోటు, రెండు తువ్వాళ్లు, వాంతులు ఆగే గోళీలు, చిన్న కత్తి. నీళ్లు చొరబడకుండా సైకిలు ట్యూబులో దూర్చిన మూడు సెల్లుల టార్చిలైటు మక్సూద్ సొంత తెలివి.

ఇక అమ్మీ మొదలుపెట్టింది. మామిడికాయ తొక్కు ఒక జాడీ, ఎల్లిపాయ కారం ఒక డబ్బా. ఎండబెట్టిన జొన్నరొట్టెలు, బెల్లం ఖజూరీలు. తల తిరిగితే చప్పరించడానికి చింతపండు. అక్కడి ఉల్లిగడ్డలు ఎలాంటివో తెలియదు కాబట్టి మన ఉల్లిగడ్డలు. వీటన్నిటి మీదా ఆమె పెళ్లినాటి చీరలతో కుట్టిన బొంత.

"అమ్మీ, వాళ్లు తిండి పెడ్తరు" అన్నాడు మక్సూద్.

"ఏం పెడ్తరు? చేపలు. చుట్టూరా చేపలే ఉంటె ఇంకేం పెడ్తరు? పది దినాలు చేపలు తిని నీకు రెక్కలు మొలుస్తయి."

సంచిని ఐలేశం ఆముదాల కాంటా దగ్గరికి మోసుకుపోయాం. రైతుల గింజలు తూచే ఐలేశానికి ఆ రోజు పెద్ద పని లేదు. సంచిని పళ్లెంలో పెట్టేలోపే చుట్టూ జనం చేరారు. ముల్లు పదిహేడున్నర దగ్గర ఆగింది. అడగకుండానే సలహాలు మొదలయ్యాయి. బొంత తీయమని ఒకరు, బొంత ఉంచి ఉల్లిగడ్డలు తీయమని ఇంకొకరు. సంచీనే తేలికది కుట్టాల్సిందని ఒక పెద్దమనిషి అన్నాడు. అతని ట్రాక్టరు సీటు కవరు నా దగ్గరే ఉంది, దాని సంగతి తర్వాత చూసుకుంటానని చెప్పాను.

"రెండున్నర కిలోలకు గింత లొల్లా?" అంది అమ్మీ. "మెత్తగ అడుగుతె ఒప్పుకుంటరు. వాళ్లకు గూడ తల్లులుంటరు."

నేనూ మక్సూద్ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమెకు తెలియనిది ఒకటుంది. ఈ పదిహేడున్నర మీద ఇంకో ఆరు కిలోలు పడాలి. ఆ ఆరు కిలోల మూట నా మిషను కింద పాత లుంగీలో చుట్టి ఉంది.

ఆ సాయంత్రం అమ్మీ వాకిట్లో ఉన్నప్పుడు మేము చిన్న దొంగతనం చేశాం. ఉల్లిగడ్డల్లో సగం తీసి బియ్యం డబ్బాలో దాచాం. అమ్మీ లోపలికి వచ్చి, సంచిని ఎడమచేత్తో ఎత్తి, దించింది.

"ముప్పావు కిలో తక్కువుంది. ఉల్లిగడ్డలు యాడ దాసిన్రు?"

ముప్పై ఏళ్లు చింతపండు తూచిన చెయ్యి. దాన్ని మోసం చేయాలనుకోవడం మాదే బుద్ధి తక్కువ. మక్సూద్ ఇక దాచలేక లుంగీ మూట తెచ్చి ఆమె ముందు విప్పాడు. వెడల్పాటి నవారు బెల్టు, దాని పొడుగునా ఆరు జేబులు, ఒక్కో జేబులో కిలో సీసం దిమ్మ. హైవే పక్కన బ్యాటరీలు బాగుచేసే మెహమూద్ భాయి కరిగించి పోసిచ్చిన దిమ్మలవి. పడవలో బరువులు సరిపోను లేవు, ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలని ఉత్తరంలో రాశారు.

"ఏందిది?"

"సీసం అమ్మీ. నీళ్లల్లకు దిగేటప్పుడు నడుముకు కట్టుకోవాలె. ఉప్పునీళ్లు గద, మనిషిని పైకి తేలగొడ్తయి. ఇది లేకుంటె లోపలికి పోనియ్యయి."

"మునగనియ్యని నీళ్లు మంచియి గాదురా!" అమ్మీ గొంతు లేచింది. "ముంచను ముంచను అని అవి అంటుంటె, నువ్వు బలిమిటికి మునుగుతవా?"

"బాయిల గూడ రాయి పట్టుకునే దునుకుతగదమ్మీ."

"రాయిని పట్టుకుంటవు. పట్టుకున్నదాన్ని ఇడిశిపెట్టొచ్చు. నడుముకు కట్టుకున్నదాన్ని ఎట్ల ఇడుస్తవు? చెప్పు." వాడు నోరు తెరిచేలోపే ఆమె నా వైపు తిరిగింది. "కుట్టినదానివి నువ్వు. నువ్వు చెప్పు. ఎట్ల ఊడ్తది?"

నాకు రోషం వచ్చింది. "నేను కుట్టింది ఎట్ల ఊడ్తది అమ్మీ? చచ్చినా ఊడది."

ఆ మాట నా నోటినుంచి బయటికి వచ్చాకే దాని అర్థం నాకు తెలిసింది. బెల్టు కుట్టమని ఇచ్చిన రోజు మక్సూద్ చెప్పాడు, "ఒక్కచేత్తోని గుంజితె ఊడేటట్టు ఉండాలె ఆపా" అని. ఊడేటట్టు కుట్టమని పద్దెనిమిదేళ్లలో నన్ను అడిగినవాడు లేడు. వీడికేం తెలుసు కుట్టు సంగతి అనుకున్నాను. బకిలీ పెట్టి, అది చాలదన్నట్టు లోపల రెండు ఇనుప కొక్కేలు వేసి, పైన గుడ్డమడత కప్పి, రెండేసిసార్లు కుట్టాను. ఎంత గట్టిగా ఉందోనని మురిసిపోయాను కూడా.

అమ్మీ నా ముఖం చూసింది.

"పొద్దుగాల బాయికాడికి పాండ్రి" అంది. "నీళ్లల్ల ఊడదీసి చూపియ్యాలె. ఊడితెనే ఇమాం జామిన్. లేకుంటె తూత్తుకుడి లేదు, ఏం లేదు."

బస్సు మర్నాడే పగలు పన్నెండింటికి. అంటే వాడి చేతిలో ఉన్నది ఒక్క పూట.

ఊరి పక్కనే, బర్రెలు సాకే గోపమ్మ పొలంలో మెట్లబావి ఉంది. మూడు నిలువుల నీళ్లు. పొద్దున్నే మేము పోయేసరికి గోపమ్మ అప్పటికే బర్రెల దగ్గర పేడ తీస్తోంది. మక్సూద్ బెల్టు కట్టుకున్నాడు. బకిలీ పెట్టుకున్నాడు, కొక్కేలు తగిలించుకున్నాడు, మడత కప్పుకున్నాడు. గట్టు మీద నుంచి దూకాడు. ఆరు కిలోలు వాడిని చప్పుడు లేకుండా కిందికి లాక్కున్నాయి.

బుడగలు వచ్చాయి. కాసేపటికి ఆగిపోయాయి. అమ్మీ పెదాలు కదులుతున్నాయి, ఏదో దువా చదువుతోంది. నాకు బడిలో నేర్చిన అంకెలు కూడా వరసన రావడం లేదు. ఇరవై తర్వాత మళ్లీ పదిహేడు అనుకున్నట్టు గుర్తు. అప్పుడు మెట్ల పక్కన రాతి సందును పట్టుకున్న చెయ్యి ఒకటి కనిపించింది, తర్వాత తల కనిపించింది. గోడ రాళ్లు పట్టుకుని పాకుతూ పైకి వచ్చాడు. బెల్టు నడుముకే ఉంది.

"బకిలీ ఊడింది, ఒక కొక్కెం ఊడింది" అన్నాడు రొప్పుతూ, నవ్వడానికి చూస్తూ. "రెండోది రాలె. ఆపా మస్తు గట్టిగ కుట్టింది."

ఎవరూ నవ్వలేదు. నేను గట్టు మీద కూర్చుండిపోయాను. నా కుట్టు గొప్ప అన్న నా పొగరుకు వీడి ప్రాణం పోయేది. చేపలు, ఉల్లిగడ్డలు అంటూ గొడవ చేసిన అమ్మీయే, చదువు లేని అమ్మీయే, అసలు ప్రశ్న అడిగింది. మేమిద్దరం అడగలేదు. సిగ్గుతో నేను ఏడ్చాను.

అప్పటిదాకా పేడతట్ట నెత్తిన పెట్టుకుని చూస్తున్న గోపమ్మ తట్ట దించింది.

"ఏందే జాహేదా, మా బర్రెను కట్టేసినంత ఇగురం గూడ లేకపాయెనా నీకు? ఇటు రా."

ఆమె బర్రె మెడలోని పలుపు కొసను గుంజకు చుట్టి ముడి వేసింది. తర్వాత బర్రె వీపు మీద ఒకటి చరిచింది. బర్రె బెదిరి వెనక్కి లాగింది. ఎంత లాగితే ముడి అంత బిగిసింది. గోపమ్మ ముడి పక్కన వేలాడుతున్న కొసను రెండు వేళ్లతో పట్టి గుంజింది. తాడు మొత్తం జారిపోయి బర్రె గడ్డివాము దిక్కు నడిచింది.

"జారుముడి. కొట్టానికి నిప్పంటుకుంటె ముళ్లు ఇప్పుకుంట కూసుంటమా? దాన్నంతల అది గుంజితె ఊడొద్దు. మనం గుంజితె ఆగొద్దు. గంతే ముచ్చట."

నేను అక్కడే, బావిగట్టు మీదే, బ్లేడుతో బకిలీ, కొక్కేలు కోసి పారేశాను. మిషను దగ్గరికి పరుగెత్తి, బెల్టు ఒక కొసకు ఇనుప కడియం, రెండో కొసకు మెత్తటి నూలుతాడు వేసి కుట్టాను. తాడును కడియంలోంచి తెచ్చి జారుముడి వేస్తే, జానెడు కొస బయట వేలాడుతుంది. చేతికి తొందరగా దొరకాలని ఆ కొసకు గుడ్డ ఉండ కట్టాను. తిరిగి బావి దగ్గరికి తెస్తే గోపమ్మ ముడిని పరీక్షించి, "ఇగ బర్రెకు గూడ పనికొస్తది" అంది. నాకు దక్కిన మెచ్చుకోళ్లలో అంత విలువైనది ఇంకోటి లేదు.

రెండోసారి మక్సూద్ దూకాడు. నేను ఏడు లెక్కపెట్టేలోపు నీళ్లు చీల్చుకుని రొమ్ము దాకా పైకి లేచాడు. నడుము ఖాళీ. రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టాడు. బెల్టు బావి అడుగున ఉంది. దాన్ని తేవడానికి మళ్లీ బండరాయి పట్టుకుని దూకాడు. అమ్మీ వాడితో ఇంకో రెండుసార్లు చేయించింది. అంతటితో ఆగక, బెల్టును తన చీర మీదే కట్టించుకుని గట్టు మీద నిలబడి కొస గుంజింది. ఆరు కిలోలూ దబ్బుమని రాళ్ల మీద పడ్డాయి. కొంచెంలో కాలి బొటనవేలు తప్పింది. అమ్మీ చిన్నపిల్లలా నవ్వి, "ఇంకోపారి" అంది.

పదకొండు గంటలకు మళ్లీ ఐలేశం కాంటా. ఈసారి బెల్టు కూడా సంచిలోనే ఉంది. ముల్లు ఇరవై మూడున్నర దగ్గర నిలిచింది. ఐలేశం తల గోక్కున్నాడు. మక్సూద్ సంచి మూతి పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కటి తీసినా కట్టనన్న మాట వాడికీ, నాకూ గుర్తుంది.

అమ్మీ ముందుకు వంగి సంచి మూతి తెరిచింది. తొక్కు జాడీ తీసి కింద పెట్టింది. కారం డబ్బా తీసింది. రొట్టెలు, ఖజూరీలు, చింతపండు, ఉల్లిగడ్డలు తీసింది. బొంత దగ్గర మాత్రం ఆమె చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత దాన్నీ లాగి తన భుజం మీద వేసుకుంది.

"ఎంతుంది ఐలేశం?"

"సరిగ్గ పదిహేను, ఖాదర్‌బీ."

"అమ్మీ, నీ వస్తువులన్నీ..." అన్నాడు మక్సూద్.

"తిండి ఎవలన్న పెడ్తరు. చేపలే తిను. నిన్ను పైకి తెచ్చే ముడి యాడ దొరుకుతది?"

అక్కడే, ఆముదాల బస్తాల నడుమ, వాడి చొక్కా చెయ్యి పైకి మడిచి ఇమాం జామిన్ కట్టింది. పన్నెండింటికి విజయవాడ బస్సు వచ్చింది. వాడు సంచిని చంకలో పెట్టుకుని ఎక్కాడు. బస్సు కదిలాక ఖజూరీలు ఐలేశం కాంటా దగ్గరి జనానికి పంచాం. తొక్కు జాడీ గోపమ్మ ఇంటికి పోయింది. ఇంటికి తిరిగొస్తూ నేను ఏడ్చాను, అమ్మీ ఏడవలేదు. బొంత బరువుగా ఉందని మాత్రం విసుక్కుంది.

పద్నాలుగు రోజులు పోస్టుమాన్ సైకిలు గంట వినిపించినప్పుడల్లా మిషను ఆపాను. పదిహేనో రోజు కార్డు వచ్చింది. పడవ దిగిన రోజే తూత్తుకుడిలో రాశాడు. నేను అమ్మీ పక్కన కూర్చుని చదివాను.

"ఆపా, అమ్మీకి సలాం చెప్పు. మంచిగున్న. బెల్టు గుంజే పని ఒక్కపారి గూడ పడలె. మొదటిదినం అడుగుకు పోయినంక అలవాటు చొప్పున చేతులు జాపి దేవులాడుతున్న. పెద్దసారు నా భుజం తట్టి, నా చేతులు నాకే చూపిచ్చిండు. పదేండ్లసంది నీళ్లల్ల పని చేసిన చేతులు. నీళ్లల్ల ఎట్లుంటయో గప్పుడే చూసిన. గోర్లు గూడ కనబడ్డయి."

చేపల రంగుల గురించి, పగడాల గురించి ఇంకా ఏదో రాశాడు. అమ్మీ అవి పట్టించుకోలేదు.

"గోర్లు గూడ కనబడ్డయంటనా?"

"అట్లనే రాసిండు అమ్మీ."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"గా ముచ్చట ఇంకోపారి చదువు" అంది. నేను చదివాను.